తొమ్మిదో ఇంటికి పొగ

"...గ్యాస్ అయిపోతే సిలిండర్ మార్చుకుంటారు గాని, ఉన్న పొయ్యిని ఊడబీకి ఎవరైనా బయట పారేస్తారా ఆంటీ?"

"నా పొయ్యి, నా ఇష్టం. మధ్యలో నీ సొమ్మేం పోయింది?"

"మూడు వారాల్నుంచి మైక్రోవేవ్‌లో ఉడికిన సాసేజీలు తింటున్నది నేను. రబ్బరు ముక్కలు నయం."

"అయితే రబ్బరే తిను. దాన్ని వండక్కర్లేదు."

కమ్యూనిటీ హాలు వంటగదిలో వాల్డా ఆంటీ, ఆవిడ తమ్ముడి కొడుకు క్లైడ్ పడుతున్న పోట్లాట అది. అవతల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేను వింటున్నాను. మా హాలు గోడల వెనక ఎవరు గుసగుసలాడినా వినపడుతుంది, ఇక వీళ్ళ గొంతుల సంగతి చెప్పేదేముంది. పొయ్యి గొడవ అప్పటికి నాకు నవ్వులాటగానే అనిపించింది. ఆంటీకి డెబ్బై మూడేళ్ళు. ఆ వయసులో మనుషులు దాచుకునేవి దాచుకుంటూ, పారేసేవి పారేస్తూ ఉంటారు.

నా పేరు నోలా. ఆంటీ అక్క కూతుర్ని. వారానికి మూడు రోజులు హాల్లో గుమాస్తా పని చేస్తాను. ఆ రోజు నేను నింపుతున్నది ప్రభుత్వం వారి దరఖాస్తు. అడవి తగలబడి ఏడాది దాటింది. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలో మాలాంటి ఊళ్ళన్నిటికీ ఏదో ఒక నిధి ప్రకటించారు. ఇళ్ళకు ఒకటి, కంచెలకు ఒకటి. మేం అడుగుతున్నది మనసులు కుదుటపడటానికి, పాత పద్ధతులు మళ్ళీ నిలబెట్టుకోవటానికి. పదిహేడు ప్రశ్నలు. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగిపోయి ఆంటీని కేకేశాను.

"స్వస్థత కలిగిందని ఎలా కొలుస్తారు అంటున్నారు ఆంటీ."

ఆవిడ టీ కప్పుతో బయటికొచ్చింది. "రాత్రిళ్ళు ఎంతమంది నిద్రపోయారో లెక్కపెట్టుకోమను." ఒక గుక్క తాగి, "వద్దులే. నిజంగానే వచ్చి లెక్కపెడతారు" అంది.

"పదకొండో ప్రశ్న. కార్యక్రమం జరిపించే పెద్దమనిషి ఎవరు?"

"ఇంకెవరూ? పొగ వేయటమంటే వాల్డా ఆంటీయే" అన్నాడు క్లైడ్ వంటగదిలోంచి.

"నీ పేరు రాయనా?"

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడింది. నేను ఇంకోసారి అడిగాను. నా వైపు తిరగకుండానే "రాయి" అంది.

రాశాను.

*

వాల్డా ఆంటీ పుట్టింది చిక్కుళ్ళు కోసే కూలీల రేకుల షెడ్డులో. మా ఆదివాసీ జనమంతా ఆ రోజుల్లో తీరం పొడవునా చిక్కుడు తోటల్లో కూలికి పోయేవాళ్ళు. బిడ్డ భూమ్మీద పడగానే వాళ్ళ నాన్నమ్మ పచ్చి ఆకు మీద నిప్పు వేసి, ఆ పొగలో బిడ్డను ఇటు నుంచి అటు ఒకసారి దాటించిందట. మా పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయే ప్రభుత్వ వెల్ఫేర్ వాళ్ళ కారు దూరాన మట్టిరోడ్డు మీద కనిపిస్తే చాలు, అదే నాన్నమ్మ వంటనిప్పు మీద పచ్చిరొట్ట గుప్పించేది. తోట చివర సాళ్ళలో ఉన్న పిల్లలు ఆ తెల్ల పొగ చూసి వాగులోకి పరుగు తీసేవాళ్ళు. మా ఊరి పిల్లల్ని ఎందర్నో ఎత్తుకుపోయారు గాని, ఆ నాన్నమ్మ చేతి కింది పిల్లల్లో ఒక్కరు కూడా పోలేదు. ఆంటీ ఆ మాట గొప్పగా చెప్పేది. చెబుతూ తన చేతులు చూసుకునేది.

తర్వాత ముప్పై ఒక్కేళ్ళు పట్నంలో మోటెల్ గదులు ఊడ్చింది. పెళ్ళి చేసుకుంది, మొగుణ్ణి వదిలేసింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఇవన్నీ చేస్తూనే మా ఊరికి పొగ వేసే మనిషి అయింది. బిడ్డ పుడితే ఆవిడే. మనిషి పోతే ఆ ఇంటికి ఆవిడే. పోయినవాళ్ళ ఇంటికి పొగ వేసేదాకా మాలో ఎవరూ అందులో పడుకోరు. ఆ ఇల్లు తాళం వేసి ఉంటుంది, అంతే. దాని గురించి పెద్దగా మాట్లాడుకోం కూడా.

ఆవిడ నాకు నేర్పిన నియమాలు కొన్నే. పొగకు వాగు ఒడ్డు అడవి చెర్రీ ఆకు కావాలి. పోయినవాళ్ళతో, ఇక వెళ్ళమని, నిప్పు ముట్టించినవాళ్ళే మాట్లాడాలి, ఒకరు ముట్టించి ఒకరు మాట్లాడితే కుదరదు. పోయినవాళ్ళ కంటే పెద్దవాళ్ళు మాట్లాడితే మంచిది, చిన్నవాళ్ళ మాట వాళ్ళు వినరు. కాలిన చెట్టు ఆకు, ఆ చెట్టు మళ్ళీ పూత పూసేదాకా కోయకూడదు.

"ఎందుకు?" అని అడిగాను ఒకసారి.

"బెదిరి ఉన్న మనిషి చేతికి చంటిబిడ్డనిస్తావా?"

అగ్ని వచ్చింది డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున. తొమ్మిది గంటలకు పగలు చీకటైపోయింది, తర్వాత ఎర్రగా అయింది. ఊరంతా సముద్రం ఒడ్డుకు పోయి తడిదుప్పట్లు కప్పుకుని ఇసుకలో కూర్చున్నాం. మధ్యాహ్నం వెనక్కి వెళితే తూర్పు వరుస లేదు, నడిమి వరుస లేదు. పడమటి వరుసలో తొమ్మిది ఇళ్ళూ నిలబడి ఉన్నాయి. అడవికి ఆనుకుని ఉన్నది ఆ వరుసే. ముందు కాలాల్సింది అదే.

పొద్దున ఒడ్డుకు బయల్దేరే ముందు ఆంటీ ఆ వరుస చివర, తొమ్మిదో ఇంటి గేటు దగ్గర, పచ్చి ఆకు పోగేసి పొగ వేసింది. ఆ పొగే వరుసను కాపాడిందని ఊళ్ళో అందరూ అన్నారు. తర్వాత దరఖాస్తులో నేనూ అదే రాశాను. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆంటీ వాతావరణం గురించి మాట్లాడేది.

తొమ్మిదో ఇల్లు ఆవిడ తమ్ముడిది, అంటే క్లైడ్ వాళ్ళ నాన్నది. ఆయన ఒడ్డుకు రాలేదు. నీళ్ళ గొట్టం పట్టుకుని ఇంటి దగ్గరే ఉండిపోయాడని చెప్పుకున్నారు. పదకొండు రోజులకు ఆస్పత్రిలో ఊపిరాడక పోయాడు. పోయినవాళ్ళ పేరు మాలో పలకం. నేనూ రాయను. మల్లెట్ చేపల గుంపులు తీరం వెంట వచ్చే రోజుల్లో ఆయన వరండాలో కుర్చీ వేసుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చునేవాడు. నీళ్ళ మీద నల్లటి మచ్చ కదిలితే మాకెవరికీ కనపడనప్పుడే ఆయనకు కనపడేది. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. సముద్రం వైపు తిరిగే ఉంది. పదహారు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

*

ఏప్రిల్లో నిధి మంజూరైంది. ఫిలిపా అనే అధికారిణి పట్నం నుంచి వచ్చింది. మంచి మనిషి. వచ్చిన ప్రతిసారీ కేకు పట్టుకొచ్చేది, కేకు కోయటానికి చాకు అడగటానికి మొహమాటపడేది. మే ఇరవయ్యో తారీకు గురువారం, తొమ్మిదో ఇంటికి పొగ వేయటంతో కార్యక్రమం మొదలవ్వాలన్నది అందరూ కలిసి అనుకున్నదే. ఆ ఇల్లు క్లైడ్ కూతురు కీలీకి ఇస్తున్నట్టు మా ఊరి ఇళ్ళు చూసే ల్యాండ్ కౌన్సిల్ అప్పటికే చెప్పింది. కీలీకి ఇరవై రెండేళ్ళు. ఉన్న ఇల్లు కాలిపోయి, ప్రభుత్వం తాత్కాలికంగా ఇచ్చిన చక్రాల ఇంట్లో, అంటే కారవాన్‌లో ఉంటోంది. పది నెలల పాప మార్లీ ఆ కారవాన్‌లోనే పుట్టి పెరిగింది. గోడలకు చెమ్మ, పాపకు దగ్గు. ఆ కారవాన్ని మే పద్నాలుగున వెనక్కి తీసుకుపోతామని ఉత్తరం వచ్చింది.

ఫిలిపా అట్టకు తగిలించిన కాగితాలు చూసి చదివింది. "ఫైరింజను ఒకటి గేటు ముందు ఉంటుంది. ఆర్పే సిలిండర్లు రెండు. పొగ చూస్తే ఎవరికైనా ఇబ్బందైతే మాట్లాడటానికి ఒక కౌన్సెలర్."

"ఫైరింజనా? నేను నిప్పు పెడితే వాళ్ళు ఆర్పుతారా?" అంది ఆంటీ.

"లేదు లేదు, ఊరికే నిలబడతారు. నిబంధన."

"సరే. టీ తాగి వెళ్ళమను."

"ఆకులు కూడా మేమే తెప్పిస్తాం. మంచి పూలకొట్టుంది..."

"పూలకొట్టు ఆకా! పెళ్ళి ఎవరిదే, నోలా? నీదా?"

ఫిలిపాతో సహా అందరం నవ్వాం. నవ్వుతూనే కీలీ పాపను ఇంకో చంకకు మార్చుకుని అడిగింది. "ఆంటీ, కారవాన్ పద్నాలుగునే పోతుంది. పొగ ఇరవై అంటున్నారు. ఆ ఆరు రోజులు నేనెక్కడ పడుకోను? ముందే వేసెయ్యకూడదా? ఫొటోలకు మళ్ళీ వేద్దువు గాని."

"రెండుసార్లు వేసేది కాదది."

"పోనీ ఇరవయ్యో తారీకుది మానేసి ముందే వెయ్యి."

"నా కంటి ఆపరేషన్ ఉంది ఆ వారం" అంది ఆంటీ.

అది నిజమే. కాని ఆపరేషన్ తారీకు తనే అడిగి వేయించుకుందని నాకు తెలుసు. ఫోను చేసింది నేనే. ఆంటీ ఇంట్లో రెండే గదులు. ఒకటి ఆవిడది, ఇల్లు కాలిన దగ్గర్నుంచీ రెండోదాంట్లో క్లైడ్. కీలీ తండ్రి మొహం చూసింది. క్లైడ్ చేతిలో కేకు ముక్కను చూసుకుంటున్నాడు.

*

కంటి ఆపరేషన్ కోసం పట్నానికి వెళ్ళే ముందు సోమవారం పొద్దున ఆంటీ నన్ను వాగు దగ్గరికి తోడు రమ్మంది. దారి పొడవునా జామాయిల్ మానులు నల్లగా బొగ్గులై నిలబడి ఉన్నాయి. కొమ్మలు పోయిన మానుల మీద, పై నుంచి కింద దాకా, కాండంలోంచే కొత్త ఆకు గుత్తులుగా పొడుచుకొచ్చింది. జబ్బుపడ్డ జంతువుకు వెంట్రుకలు మొలిచినట్టుంది. పిట్టల అలికిడి లేదు. వాగు మలుపులో, రాళ్ళ వెనక, అడవి చెర్రీ ఒకే ఒక్కటి కాలకుండా మిగిలింది. ఆంటీ దాని కొమ్మల కింద కూర్చుంది, రెండు కొసలు తుంచి వాసన చూసింది.

"సరిపోతుంది" అంది.

"ఇంకో మొక్క నాటకూడదా ఇక్కడ?"

"ఇది నాటితే బతికే రకం కాదు. పక్క చెట్టు వేరు పట్టుకుని బతుకుతుంది. పక్కవి పోతే ఇదీ పోతుంది."

కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీసింది. కొత్తది. పుల్ల ఒకటి తీసి పెట్టె పక్కకు ఆనించింది. గీయలేదు. ఆనించి అట్లాగే పట్టుకుంది. ఆవిడ బొటనవేలి గోరు తెల్లబడటం చూశాను. పుల్ల జారి పడింది. ఇంకొకటి తీసింది. అదీ పడింది. మూడోది పడ్డాక పెట్టె మూసి నాకిచ్చింది.

"తేమ పట్టింది" అంది.

పెట్టె నా అరచేతిలో ఎండుగా ఉంది. చల్లటి పొడి గాలి వీస్తున్న రోజు అది. ఊడబీకిన పొయ్యి గుర్తొచ్చింది. ఆవిడ గదిలో ఎలక్ట్రిక్ కెటిల్, ఎలక్ట్రిక్ హీటర్, క్లైడ్‌ను పెరట్లో సిగరెట్ కాల్చనివ్వకపోవటం, పోయిన పుట్టినరోజుకు కేకు మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే బాత్రూముకని లేచి అరగంట రాకపోవటం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఆంటీ, వచ్చే వారం గురువారం..."

"గురువారానికి ఆరిపోతుందిలే" అంది. కోటు బొత్తాలు పెట్టుకుని ముందు నడిచింది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "క్లైడ్‌కు చెప్పకు" అంది.

నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని తర్వాత తెలిసింది. ఆవిడతో ఒకే ఇంట్లో పదహారు నెలలున్నవాడు అతను.

*

శుక్రవారం లారీ వచ్చి కారవాన్ని లాక్కుపోయింది. శనివారం నేను సరుకులు తెచ్చుకుని వస్తుంటే తొమ్మిదో ఇంటి తలుపు తీసి ఉంది. తీగ మీద పాప బట్టలు ఆరేసి ఉన్నాయి.

"పొగ వేసేశారు నోలా ఆంటీ" అంది కీలీ గడపలో నిలబడి. "నిన్న సాయంత్రం నాన్న వేశాడు. వాల్డా ఆంటీయే వేయమందట, ఫోనులో. రా లోపలికి."

లోపలికి వెళ్ళాను. ఇల్లు శుభ్రంగా ఉంది. పొగ వాసన ఉంది. పొగ వేసిన మర్నాడు వాసన ఉండటం మామూలే. కాని చెర్రీ ఆకు పొగ తియ్యగా ఉంటుంది, గంటలో పోతుంది. ఇది గొంతుకు అడ్డం పడుతోంది.

ఆదివారం మళ్ళీ వెళ్ళాను. వాసన తగ్గలేదు, పెరిగింది.

"కిటికీలన్నీ తెరిచే పడుకుంటున్నా" అంది కీలీ. "కర్టెన్లు ఉతికా, గోడలు కడిగా. పొద్దున కాస్త పోయినట్టుంటుంది. తొమ్మిది అయ్యేసరికి మళ్ళీ మొదలు."

"పాప ఏదీ?"

"అదిగో. బంగారు తల్లి, ఈ ఇంట్లోకొచ్చిన దగ్గర్నుంచీ ఏడవటమే లేదు."

మార్లీ నేల మీద దుప్పట్లో కూర్చుని ఉంది. చేతిలో బొమ్మ ఉంది గాని దాన్ని చూడటం లేదు. నడవా వైపు చూస్తోంది. నేను పిలిచాను, చిటిక వేశాను. తల తిప్పలేదు. మధ్యలో దగ్గింది, దగ్గి మళ్ళీ అటే చూసింది. నడవాలో ఏమీ లేదు. చివర వెనక తలుపు, దాని అద్దంలోంచి నల్లటి మానులు, వాటి మీద ఆ ఆకు.

క్లైడ్ కుక్క మామూలుగా ఎవరింటి మెట్లయినా తనవే అనుకుంటుంది. అది ఈ ఇంటి గేటు దాకా వచ్చి, రోడ్డు అవతలి అంచున పడుకుంది.

బయటికొస్తూ వరండాలో ఆగిపోయాను. కుర్చీ ఇంటి వైపు తిరిగి ఉంది. తలుపుకు ఎదురుగా.

"ఇదెవరు తిప్పారు?"

"నాన్న తిప్పి ఉంటాడు" అంది కీలీ. "నేనైతే ముట్టుకోలేదమ్మా."

క్లైడ్ గుట్ట కొస మీద ఉన్నాడు, మల్లెట్ కోసం చూస్తూ. ఆ పని వాళ్ళ నాన్నదే. ఇతనికి అంత చూపు లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆంటీ వేయమని చెప్పలేదు కదూ?"

అతను సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "ఆవిడ చేత కాదక్కా. నీకూ తెలుసు. గురువారం అందరి ముందూ, ఆ ఫొటోల వాళ్ళ ముందూ అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి... ఆవిణ్ణి అట్లా నేను చూడలేను. పిల్ల బస్టాపులో పడుకుంటే చూడలేను. మా నాన్న ఇల్లు. నేనే వేశా."

"ఏ ఆకు?"

"జామాయిల్."

"కాలిన చెట్టుదా?"

"కాలనిది ఎక్కడుందో చెప్పు. ఒక్కటుంది, అది ఆవిడ చెట్టు. దాని మీద చెయ్యి వేయటానికి నాకు ధైర్యం చాల్లేదు."

కింద రాళ్ళ మీద అల విరిగింది. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఏం మాట్లాడావు?"

చేతిలో గులకరాయిని కిందికి విసిరేశాడు.

"వెళ్ళు నాన్నా అన్నా. ఇల్లు నీ మనవరాలికిస్తున్నాం, నువ్వింక వెళ్ళు అన్నా. అప్పటిదాకా బాగానే ఉంది. తర్వాత ఆ పొగ ఆయన గది తలుపు దగ్గరకు పోయి ఆగిందక్కా. ఆగి, అట్లాగే నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "వెళ్ళొద్దు నాన్నా అన్నా."

కుర్చీ సంగతి అడిగాను.

"దాన్ని నేను ముట్టుకుంటానా?" అన్నాడు.

ఆ సాయంత్రం కీలీని మా ఇంటికి రమ్మన్నాను. మా ఇంట్లో సోఫా ఉంది. తను నవ్వింది. "పదహారు నెలల తర్వాత నాకో తలుపు దొరికింది ఆంటీ, గొళ్ళెం ఉన్నది. వాసన ఎన్నాళ్ళుంటుంది? పోతుందిలే." నేను అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. గురువారం ఎంతో దూరం లేదు కదా, ఆంటీ వస్తుంది కదా అనుకున్నాను.

*

ఆంటీ బుధవారం రాత్రి బస్సులో వచ్చి నేరుగా పడుకుంది. గురువారం పదింటికి ఊరంతా పడమటి వరుస ముందు చేరింది. ఫైరింజను వచ్చి నిలబడింది. దాన్ని చూడగానే ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఫిలిపా మడత కుర్చీలు వేయించింది. ఫొటోలు తీసే అబ్బాయి వరండా కుర్చీ దగ్గరికి పోబోతే నేను ఆపాను.

ఆంటీ వచ్చింది. ఎడమ కంటికి ప్లాస్టిక్ మూత అంటించి ఉంది. ఒక చేతిలో చెర్రీ కొమ్మలు, ఒక చేతిలో అగ్గిపెట్టె. పొద్దున్నే ఒక్కత్తే వాగుకు పోయి కోసుకొచ్చింది. నవ్వు మొహంతో అందర్నీ పలకరించుకుంటూ నడిచింది. గేటుకు పది అడుగుల దూరంలో ఆగింది.

ముక్కు పైకెత్తి వాసన చూసింది. తర్వాత తీగ మీది పాప బట్టలు చూసింది. తర్వాత కుర్చీ.

"ఎన్ని రాత్రులైంది?" అని అడిగింది, ఎవర్నీ చూడకుండా.

"ఆరు" అంది కీలీ. తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆంటీయే వేయమందన్నావుగా?"

క్లైడ్ తల వంచుకున్నాడు. ఆంటీ అతని దగ్గరికి వెళ్ళింది. ఏం ఆకు అనలేదు. ఆ వాసన ఆవిడకు చెప్పేసింది. "ఏం చెప్పావురా?" అంది. అతను ఆవిడ చెవిలో చెప్పాడు. నేను విన్న మాటే అయ్యుండాలి. ఆవిడ అతని తల మీద చెయ్యి పెట్టి, కొంచెంసేపు తియ్యకుండా ఉంచింది.

"నీ తప్పేం లేదు. పిల్లలంతా అదే అంటారు. అందుకే పిల్లల్ని వేయనివ్వం."

పాపను తెమ్మంది. మార్లీ ఒళ్ళు కాస్త వేడిగా ఉంది. ఆంటీ మంచి కన్నుతో దాని మొహంలోకి చూసింది. పాప ఆవిడ భుజం మీదుగా ఇంటి వైపు చూసింది.

"వాల్డా, మొదలుపెడదామా? గాలి ఎక్కువవుతోందని ఫైరింజన్ వాళ్ళు అంటున్నారు" అంది ఫిలిపా, నెమ్మదిగా.

ఆంటీ పాపను కీలీకి ఇచ్చేసింది. కొమ్మల్ని నేల మీద పెట్టింది. అగ్గిపుల్ల తీసింది, పెట్టెకు ఆనించింది. నేను కళ్ళు దించుకున్నాను. గీసిన చప్పుడు కోసం వింటున్నాను. ఊరంతా వింటోంది. పుల్ల ఇసుకలో పడ్డ చప్పుడే వినపడింది.

"నావల్ల కాదు" అంది ఆంటీ.

ఫొటో అబ్బాయి కెమెరా దించాడు.

"ఈ వరుసను నా పొగ కాపాడిందని మీరంతా అంటారు. దరఖాస్తులో కూడా రాశారు. ఆ రోజు పొద్దున మా తమ్ముడు నాతో ఒడ్డుకు బయల్దేరాడు. బూట్లు కూడా వేసుకున్నాడు. నేనే ఆపాను. ఈ నిప్పు ఆరనివ్వకు తమ్ముడూ, పిల్లల్ని దింపి ఇప్పుడే వస్తానన్నాను." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. మోటెల్లో ఏ గది ఎట్లా ఊడ్చిందో చెబుతున్నట్టుంది. "రోడ్డు మూసుకుపోయింది. నేను రాలేకపోయాను. వాడు నిప్పు ఆరనివ్వలేదు. మధ్యాహ్నం దాకా ఆకు వేస్తూనే ఉన్నాడు, ఆ పొగ తాగుతూ. అక్క చెప్పింది కదా మరి."

 కౌన్సెలర్ ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయింది. రోడ్డవతల కుక్క లేచి నిలబడింది.

"వాడికి నేనొకటి చెప్పాను, వీడొకటి చెప్పాడు. ఇద్దరం ఉండమనే చెప్పాం" అంది ఆంటీ.

గాలికి వరండాలో కుర్చీ కిర్రుమంది. గాలికే అయ్యుంటుంది. కీలీ పాపను గట్టిగా పట్టుకుని గేటు దగ్గర్నుంచి రోడ్డు మీదికి వచ్చేసింది.

"మరి... వాల్డా, నేను ఏమని రాయాలి?" అంది ఫిలిపా. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. చేతిలో అట్ట ఉంది. "కార్యక్రమం వాయిదా అని రాయనా? ఎప్పటికి?"

ఆంటీ వంగి చెర్రీ కొమ్మల్ని ఏరుకుంది. పడిపోయిన పుల్లను కూడా తీసి పెట్టెలో పెట్టుకుంది. గేటు తీసి, లోపలి నుంచి మళ్ళీ గడియ వేసుకుని, దాని మీదుగా మా వైపు చూసింది.

"కీలీ, బిడ్డ సామాను నా గదిలోకి మార్చుకో. నా ఇల్లు నీది. క్లైడ్, నా మంచం తెచ్చి ఈ గేటు దగ్గర పెట్టు, లోపలికి రాకు. పుల్ల గీయటం నాకు చేతనయ్యేదాకా ఈ ఇంట్లో వాడితో నేనుంటాను."